తల్లి చేప వైపు నుంచి తొట్టిని చూడటం: దక్షిణ అమెరికా చిన్న సిక్లిడ్ల పెంపకంపై ప్రసంగం

అందరికీ నమస్కారం.

ముందు నేను చూసిన ఒక దృశ్యం చెప్తాను. పొద్దున్నే, ఇంకా తొట్టి లైటు వెయ్యలేదు. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురులో నాలుగు సెంటీమీటర్ల ఆడచేప ఒకటి ఎండాకుల మధ్య మెల్లగా తిరుగుతోంది. ఒళ్లంతా నిమ్మపండు పసుపు. దాని చుట్టూ దుమ్ములాంటిదేదో దానితోపాటే కదులుతోంది. గాజుకు ముఖం ఆనించి చూస్తే తప్ప ఆ దుమ్ముకు కళ్లున్నాయని తెలియదు. నేను కాస్త ఇటు జరిగానో లేదో, తల్లి ఒంటిని ఒక్క కుదుపు కుదిపింది. అంతే, ఆ దుమ్మంతా ఆకుల మీద వాలిపోయి కనిపించకుండా పోయింది. యాభై అరవై పిల్లలు, పుట్టి పది రోజులు కూడా కాలేదు, అమ్మ చెప్పిన మాట వినడం అప్పటికే వచ్చేసింది.

అది కాకటాయిడిస్ అనే అపిస్టోగ్రామా, సిక్లిడ్ కుటుంబంలోని చిన్న చేప. ఆ పిల్లలు బతకడానికి ముందు అదే తల్లి మూడుసార్లు గుడ్లు పెట్టింది, మూడుసార్లూ పోయాయి. మొదటిసారి తప్పు నాదే. కొబ్బరి చిప్పలో గుడ్లున్నాయని తెలిసిన సంతోషంలో రోజుకు ఐదారుసార్లు టార్చి వేసి చూశాను. మూడోరోజు చిప్ప ఖాళీ. తల్లి పసుపు రంగు పోయి మళ్లీ బూడిద రంగులోకి వచ్చేసింది. రెండోసారి గుడ్లకు బూజు పట్టింది. మూడోసారి పిల్లలు ఈదడం మొదలుపెట్టాయి కానీ, చిన్న తొట్టిలో మగచేపను అలాగే ఉంచేశాను. రెండు రోజుల్లో దాని రెక్కలు చీలికలు చీలికలయ్యాయి. హీటరు వెనక నక్కి ఉన్నదాన్ని బయటికి తీశాను, బతకలేదు. ఆడచేప దాంట్లో సగం కూడా ఉండదు, అయినా చంపేసింది.

ఆ చావు తర్వాత నేను తొట్టిని చూసే పద్ధతి మార్చుకున్నాను. అంతవరకూ చేపలు నాకు బాగా కనిపించాలని తొట్టి సర్దేవాణ్ణి. ఆ తర్వాత, ఇసుక దగ్గర నుంచి ఫిల్టరు దాకా ప్రతిదానికీ ఒకే ప్రశ్న వేసుకోవడం మొదలుపెట్టాను: పిల్లల్ని వెంటేసుకుని అడుగున తిరిగే ఆ తల్లికి ఇది ఎలా ఉంటుంది? ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నలోంచి వచ్చిందే.

సిక్లిడ్లు అనగానే చాలామందికి ఆస్కార్ లాంటి పెద్ద, కొట్లాడే చేపలు గుర్తొస్తాయి. మనం మాట్లాడుకునేవి చిన్నవి, చాలావరకు పది సెంటీమీటర్లు దాటవు. వీటిలో ఎక్కువ జాతులున్న ప్రజాతి అపిస్టోగ్రామా. ఆ పేరు పెట్టింది బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ టేట్ రీగన్, 1913లో. తర్వాత స్వీడన్ శాస్త్రవేత్త స్వెన్ కులాండర్ 1979, 1980 ప్రాంతంలో వీటిమీద చాలా పని చేసి ఎన్నో కొత్త జాతుల్ని వర్ణించాడు. ఇప్పటికి తొంభైకి పైగా జాతులకు శాస్త్రీయ నామాలున్నాయి. ఇవి కాక రామ్ అని మనం పిలిచే మైక్రోజియోఫేగస్, గళ్ల చొక్కా వేసుకున్నట్టుండే డైక్రాసస్, గయానా వైపు దొరికే నన్నకారా, ఇంకా లేటకారా ఉన్నాయి. సమయం సరిపోదు కాబట్టి ఎక్కువగా అపిస్టోల గురించి, కొంచెం రామ్‌ల గురించి చెప్తాను.

ఇవి ఎక్కడ బతుకుతాయో తెలిస్తే సగం పని అయినట్టే. అమెజాన్ అంటే మన ఊహలోకి అవతలి ఒడ్డు కనిపించని పెద్ద నది వస్తుంది. ఈ చేపలు ఆ నడి నదిలో ఉండవు. అడవిలో పారే సన్నని వాగుల్లో, నది పొంగినప్పుడు మునిగే అంచుల్లో, మోకాలి లోతు కూడా లేని నీళ్లలో, రాలి పేరుకున్న ఆకుల దుప్పటి మధ్య ఉంటాయి. ఆ ఆకులే వాటికి ఇల్లు. ఆకుల కింద దాక్కుంటాయి, ఆకుల మధ్య పురుగుల లార్వాలను వెతుక్కుని తింటాయి, చుట్టుకుపోయిన ఆకు లోపలో, కొమ్మ తొర్రలోనో గుడ్లు పెడతాయి.

నీళ్ల సంగతి. అమెజాన్ నదుల్ని తెల్ల నీళ్లు, నీలి నీళ్లు, నల్ల నీళ్లు అని విడదీసి చెప్పింది ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్, 1853లో. ఆండీస్ కొండల మట్టి మోసుకొచ్చేవి తెల్ల నీళ్లు. వాలెస్ నీలి అన్నవాటిని ఇప్పుడు తేటనీళ్లు అంటున్నారు. ఆకుల కషాయం దిగి టీ డికాక్షన్ రంగులో ఉండేవి నల్ల నీళ్లు, రియో నీగ్రో పేరులోనే ఆ నలుపు ఉంది. ఆ నల్ల నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, పీహెచ్, అంటే నీటి ఆమ్లాన్ని చూపే అంకె, 4, 5 మధ్య ఉంటుంది; 7 కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం. ఏ చేప ఏ నీళ్లదో తెలుసుకోకుండా కొనడమే మనలో చాలామంది చేసే మొదటి పొరపాటు. కాకటాయిడిస్ పెరూలోని ఉకయాలి నది వైపు చేప, నీళ్ల విషయంలో కాస్త సర్దుకుపోతుంది. బొరెల్లీ పరాగ్వే నది ప్రాంతానిది, మిగతావాటికంటే చల్లటి నీళ్లు ఓర్చుకుంటుంది. ఎలిజబెతే నల్ల నీళ్ల చేప. దాన్ని గట్టి నీళ్లలో, అంటే కాల్షియం లాంటి లవణాలు ఎక్కువున్న నీళ్లలో పెడితే కొన్నాళ్లు బతుకుతుందేమో కానీ, దాని గుడ్లు మాత్రం పొదగవు.

కొత్తగా మొదలుపెట్టేవారు కాకటాయిడిస్, బొరెల్లీ, మెక్‌మాస్టరీ, ఈ మూడింట్లో ఏదో ఒకటి తీసుకోండి. అగాసిజీ కూడా మంచిదే, కానీ దానికి ఇంకాస్త మెత్తటి నీళ్లు కావాలి. 1865లో బ్రెజిల్‌కు థేయర్ అనే శాస్త్రీయ యాత్రను నడిపించిన ప్రకృతి శాస్త్రవేత్త లూయీ అగాసీ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. తోక చివర పేకముక్కల్లో ఇస్పేటు గుర్తులా కోసుగా ఉంటుంది, మగచేపను దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

ఇక తొట్టి దగ్గరికి వద్దాం. ఎన్ని లీటర్లు అని అందరూ అడుగుతారు. ఈ చేపల విషయంలో అంతకంటే ముందు అడగాల్సింది అడుగు ఎంత వెడల్పుగా ఉంది అని. తల్లి చేప రోజంతా నేల మీదే ఉంటుంది. పైన ఎంత నీరున్నా దాని సామ్రాజ్యం ఆ అడుగే. ఒక జంటకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు సరిపోతుంది, ఎత్తు 30 ఉన్నా చాలు. అది యాభై లీటర్ల పైచిలుకు. ఒక మగ, రెండు మూడు ఆడచేపలు కావాలంటే 90 సెంటీమీటర్లయినా ఉండాలి. పొడుగ్గా, ఇరుగ్గా నిలబడే తొట్లు అందంగా ఉంటాయి, కానీ వీటికి పనికిరావు.

అడుగున గులకరాళ్లు వద్దు, సన్నని ఇసుక వెయ్యండి. ఈ చేపలు నోటినిండా ఇసుక తీసుకుని, తినేది ఉంచుకుని, మిగతాది మొప్పల్లోంచి వదిలేస్తాయి. ఇది వాటికి అలవాటు కాదు, బతుకు. పదునైన రాళ్లుంటే అది చెయ్యలేవు. ఇసుక కూడా రెండు మూడు సెంటీమీటర్లు చాలు. మందంగా వేస్తే కింద గాలి ఆడక కుళ్లుతుంది.

గుహలు. కొబ్బరి చిప్పను సగానికి కోసి బోర్లించి, అంచున చేప పట్టేంత కన్నం పెట్టండి. చిన్న మట్టికుండ పెంకైనా సరే. కన్నం మాత్రం చిన్నగా, ఆడచేప దూరేంత మాత్రమే ఉండాలి. ఎందుకంటే ఆడచేప తనకు సరిపోయి, మగచేప లోపలికి దూరలేని ఇంటినే ఇష్టపడుతుంది. కన్నం మీకు ఎదురుగా తిప్పకండి, పక్కకో వెనక్కో తిప్పండి. మీకు కనిపించదని బాధ వద్దు, అది బయటికి వచ్చినప్పుడు చూద్దురు గాని. ఆడచేపలకంటే గుహలు ఎప్పుడూ ఎక్కువ ఉండాలి. ఇద్దరికి మూడు నాలుగు.

ఆకులు ఎక్కువగా వెయ్యండి. ఎండి రాలిన బాదం ఆకులు వీటికి చాలా బాగా పనికొస్తాయి. పురుగుమందు పడని చెట్టు కింద ఏరుకుని, కడిగి, వేడినీళ్లలో కాసేపు ఉంచి వేస్తే రెండు మూడు రోజుల్లో మునుగుతాయి. నీరు లేత టీ రంగులోకి వస్తుంది, అది మురికి కాదు. ఆ ఆకుల మీద పేరుకునే జిగురు పొరలో పిల్లలకు మొదటి మేత ఉంటుంది. తల్లికి దాక్కునే చోటు, పిల్లలకు పొయ్యి ఎప్పుడూ వెలిగే వంటిల్లు, రెండూ అవే. ఆకులు కుళ్లి పలచబడ్డాక వెంటనే తీసెయ్యకండి, పైన కొత్తవి వెయ్యండి చాలు.

ఫిల్టరు విషయంలో నా అభిప్రాయం మారదు: స్పాంజి ఫిల్టరే. ఒక చిన్న గాలి పంపు, ఒక స్పాంజి. పిల్లల్ని లోపలికి లాగెయ్యదు, నీళ్లను తిప్పి తిప్పి తల్లిని అలసిపోనివ్వదు. స్పాంజిని కుళాయి కింద కడగకండి, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. అందులో బ్యాక్టీరియా ఉంటుంది, అదే అసలు ఫిల్టరు. చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, ఇంకో రకం నైట్రేటుగా మారుస్తుంది. ఈ రెండు రకాలూ కొత్త తొట్టిలో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ ఖాళీ తొట్టిని చూస్తూ కూర్చోలేక చేపల్ని తెచ్చేవారే ఎక్కువ. అపిస్టోలు దాన్ని తట్టుకోలేవు. అమ్మోనియా, నైట్రైటు సున్నా చూపించాకే చేప.

నీళ్ల గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ చేపలు చచ్చేది ఇక్కడే.

పీహెచ్ స్కేలు మెట్లలాగా సమానంగా పెరిగేది కాదు. 7 నుంచి 6కి వస్తే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. 5కి వస్తే వంద రెట్లు. అందుకే సీసాల్లో దొరికే పీహెచ్ తగ్గించే మందులు వెయ్యొద్దని బతిమాలుతాను. నీళ్లలో కార్బోనేట్లు ఉన్నంతసేపు అవి మందును మింగేసి పీహెచ్‌ను మళ్లీ పైకి తెస్తాయి, మీరు ఇంకా వేస్తారు, ఒకరోజు కార్బోనేట్లు అయిపోతాయి, పీహెచ్ ఒక్కసారిగా కూలుతుంది. తగ్గించాల్సింది గట్టితనం. దానికి దారి ఒకటే, ఆర్‌ఓ నీళ్లో వాన నీళ్లో మామూలు నీళ్లతో కలపడం. గట్టితనం తగ్గితే పీహెచ్‌ను తగ్గించే పని ఆకులు మెల్లగా చేసుకుంటాయి.

ఎంతవరకు తగ్గించాలి? కాకటాయిడిస్‌కు, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్‌లో 150, 200 చూపించినా గుడ్లు పొదుగుతాయి. అగాసిజీ, నిస్సెనీ లాంటివాటికి వంద లోపల ఉంటే మంచిది. గట్టి నీళ్లలో పెద్ద చేప బాగానే తిరుగుతుంది, రంగు కూడా వేస్తుంది. కానీ అందులో ఉండే కాల్షియం వల్ల మెత్తటి నీళ్ల చేపల గుడ్లు సరిగ్గా ఫలించవు, లోపల పిండం ఎదగదు. అవి తెల్లబడి బూజు పడతాయి. నా రెండో విడత గుడ్లకు బూజు పట్టిందని చెప్పాను కదా, నేను నెలరోజులు మందులు వెతికాను. బూజు జబ్బు కాదు, చచ్చిన గుడ్డు మీద మొలిచేది మాత్రమే. మార్చాల్సింది నీళ్లు.

ఇంకో హెచ్చరిక. పీహెచ్ 6 కంటే కిందికి వెళ్తే మన బ్యాక్టీరియా బాగా మందగిస్తుంది. అయితే ఆ ఆమ్లపు నీళ్లలో అమ్మోనియా ఎక్కువగా అమ్మోనియం రూపంలో, తక్కువ విషంగా ఉంటుంది. చేపలు బాగున్నట్టే ఉంటాయి. ఒక ఆదివారం మీరు గట్టి నీళ్లు బకెట్లకొద్దీ పోసి నీరు మార్చారనుకోండి, పీహెచ్ పైకి లేస్తుంది, పేరుకున్న అమ్మోనియం మళ్లీ విషమవుతుంది. నీరు మార్చినందుకే చేపలు చచ్చిపోయాయి అని వాపోయే చాలా కథల వెనక ఉన్నది ఇదే. వారానికి పావు వంతు, అదే వేడి, అదే రకం నీళ్లు, సన్నని పైపుతో నెమ్మదిగా పొయ్యండి.

ఇప్పుడు సంసారం దగ్గరికి వచ్చాం.

చేపలు కొనేటప్పుడు జంటగా కొనొద్దు, ఐదారు చిన్నవి కొనండి. అంగడి తొట్టిలో అన్నిటికంటే పెద్దగా, రంగులతో మెరిసేవి మగవి. వాటినే అందరూ ఎత్తుకుపోతారు, మూలన బూడిద రంగులో ఉన్న ఆడవాటిని వదిలేస్తారు. ఒక మెలిక కూడా ఉంది. పెద్ద మగచేప దగ్గర ఉంటే కొన్ని చిన్న మగవి ఆడచేపల రంగు వేసుకుని ఉంటాయి. ఆడచేప అనుకుని తెచ్చుకున్నది నెల తర్వాత రెక్కలు పొడుచుకొచ్చి మగచేప అయి కూర్చుంటుంది. అందుకే చిన్నవాటిని గుంపుగా పెంచి, జత కట్టే పని వాటికే వదిలెయ్యడం మంచిది. కొత్త చేపల్ని నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచండి. పొట్ట లోపలికి పోయి, తెల్లని దారంలా మలం వేలాడుతుంటే పేగుల్లో పరాన్నజీవులున్నాయని అనుమానించాలి. మలద్వారం దగ్గర ఎర్రని దారాలు కనిపిస్తే అవి కమలానస్ పురుగులు, పాత తొట్టిలోకి అస్సలు రానివ్వకండి.

మంచి మేత రెండు మూడు వారాలు పడ్డాక ఆడచేప పొట్ట గుండ్రంగా అవుతుంది. రంగు పసుపెక్కుతుంది, పక్కన నల్ల మచ్చ ముదురుతుంది, ముందువైపు పొట్ట రెక్కల అంచు నల్లగా గీసినట్టవుతుంది. అప్పటినుంచి ఆ తొట్టి దానిదే. ఏదో ఒక గుహ ఎంచుకుని నోటితో ఇసుక తోడి బయట పోస్తుంది, కన్నాన్ని తనకు సరిపోయేంత చిన్నది చేసుకుంటుంది. మగచేప ముందు ఒళ్లు వంచి వణుకుతూ దాన్ని గుహ దగ్గరికి పిలుస్తుంది. మగచేప రెక్కలన్నీ విప్పుతుంది. కాకటాయిడిస్ అయితే వీపు రెక్క ముందు కమ్మీలు కాకటూ చిలుక జుట్టులా లేస్తాయి, పేరు అందుకే.

గుడ్లు గుహ పైకప్పుకు అంటిస్తుంది, సాధారణంగా యాభై నుంచి నూటయాభై లోపు. మీకు గుడ్లు కనిపించవు. కనిపించేది తల్లి ప్రవర్తన. గుహ ముందు నుంచి కదలదు, మేతకు క్షణం వచ్చి పరుగున వెళ్లిపోతుంది, మగచేపను తరుముతుంది. టార్చి వేసి చూడాలన్న కోరిక కలుగుతుంది. దయచేసి వెయ్యకండి. 26 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజుల్లో గుడ్లు పొదుగుతాయి. ఆ పిల్లలు ఇంకా ఈదలేవు, తోక ఆడిస్తూ కుప్పగా పడి ఉంటాయి, పొట్టలోని పచ్చసొనే వాటి మేత. తల్లి వాటిని నోట్లో పెట్టుకుని ఒక గుంట నుంచి ఇంకో గుంటకు మారుస్తుంది. చిప్ప ఖాళీగా కనిపించి గుండె ఆగినంత పనవుతుంది కానీ, చాలాసార్లు పిల్లలు వెనక ఏ ఆకు కిందో క్షేమంగా ఉంటాయి. ఇంకో నాలుగైదు రోజులకు తల్లి గుంపును బయటికి తీసుకొస్తుంది.

మొదటి రెండు మూడు విడతలు తల్లి తినెయ్యొచ్చు. దాన్ని తిట్టుకోవద్దు. పిల్లల్ని కాపాడలేనని అనిపించినప్పుడు, వయసు చిన్నదైనప్పుడు అలా చేస్తుంది, మళ్లీ రెండు మూడు వారాల్లో గుడ్లు పెడుతుంది. గుడ్లు తీసి వేరే గిన్నెలో గాలి పెట్టి పొదిగించే పద్ధతి ఉంది. ఎక్కువ పిల్లలు వస్తాయి, నిజమే. అరుదైన జాతిని కాపాడాల్సి వస్తే చెయ్యండి. మామూలుగా మాత్రం నాకు ఇష్టం ఉండదు. తల్లిని చూడకపోతే ఈ చేపల్ని పెంచడంలో ఉన్న సగం సంతోషం వదులుకున్నట్టే. ఆ తల్లితనం ఎంత బలమైనదంటే, పిల్లల్ని పోగొట్టుకున్న ఆడ అపిస్టో, మేతగా వేసిన డాఫ్నియా అనే చిట్టి నీటిపురుగుల గుంపునే తన పిల్లలనుకుని కాపలా కాస్తూ తిరగడం పెంపకందార్లు చూశారు.

మగచేపను ఏం చెయ్యాలి? పెద్ద తొట్టి అయితే ఉంచండి, అది బయటి సరిహద్దు కాస్తుంది. 60 సెంటీమీటర్ల తొట్టిలో అయితే పిల్లలు బయటికి వచ్చిన రోజు నుంచి కళ్లు దాని మీదే పెట్టండి. నీటి పైభాగంలో మూలకు అతుక్కుని రెక్కలు ముడుచుకుందంటే అదే రోజు తీసెయ్యండి, రేపు అనుకోవద్దు. పైపైన ఈదే పెన్సిల్ చేపలు ఆరేడు ఉంటే తల్లి కోపం వాటి వైపు మళ్లుతుంది. అవి పైన నింపాదిగా తిరుగుతుంటే ప్రమాదం లేదన్న ధైర్యమూ దానికి వస్తుంది. అడుగున తిరిగే కోరిడోరాస్, ప్లెకోలు అనే క్యాట్‌ఫిష్‌లు మాత్రం పిల్లల తొట్టిలో వద్దు. చీకట్లో తల్లికి కళ్లు కనబడవు, వాటికి ముక్కు చాలు, రాత్రికి రాత్రి అన్నీ తినేస్తాయి. గదిలో ఒక చిన్న బెడ్‌ల్యాంప్ వెలుగు రాత్రంతా ఉంచితే మేలు.

మేత సంగతి. ఈదే రోజు నుంచి అపిస్టో పిల్లలు అప్పుడే పొదిగిన బ్రైన్ ష్రింప్, అంటే ఉప్పునీటిలో బతికే చిట్టి రొయ్యలాంటి జీవుల్ని తినగలవు. గుడ్లు డబ్బాల్లో దొరుకుతాయి, అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వచ్చేవి చాలా. లీటరు నీటికి పాతిక నుంచి ముప్ఫై గ్రాముల ఉప్పు, అయొడిన్ లేనిది, చిటికెడు వంటసోడా, 27 డిగ్రీల వేడి, వెలుతురు, అడుగు నుంచి జోరుగా గాలి. ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపి పక్కనుంచి లైటు పెడితే పెంకులు పైకి తేలి, నారింజ రంగు పురుగులు వెలుగు వైపు చేరతాయి. వడగట్టి, మంచినీళ్లతో కడిగి, చుక్కలమందు గొట్టంతో గుంపు దగ్గర వదలండి. పొదిగిన కొద్ది గంటల్లోనే వాటి పోషకం తగ్గిపోతుంది, కాబట్టి రెండు సీసాలు పెట్టుకుని రోజు విడిచి రోజు మార్చుకుంటే ఎప్పుడూ తాజాగా ఉంటాయి. పది నిమిషాల తర్వాత భూతద్దంతో చూడండి, ప్రతి పిల్ల పొట్టా చిన్న నారింజ చుక్కలా ఉంటుంది. పొట్టలో ఆ రంగు లేని పిల్ల ఆకలితో ఉన్నట్టే. రోజుకు మూడుసార్లు, కొంచెం కొంచెం. మిగిలింది కుళ్లితే నీరు పాడవుతుంది.

పిల్లలు పెరిగే వేడి గురించి ఒక ఆశ్చర్యకరమైన విషయం. 1996లో ఊవే రోమర్, వోల్ఫ్‌గాంగ్ బైసెన్‌హెర్ట్స్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు చాలా అపిస్టో జాతుల్ని వేర్వేరు వేడుల్లో పెంచి చూశారు. మొదటి నెల పైచిలుకులో నీరు ఎంత వెచ్చగా ఉందన్నదాన్ని బట్టి ఎన్ని ఆడ, ఎన్ని మగ అన్నది మారుతోంది. చాలా జాతుల్లో 23 డిగ్రీల దగ్గర ఆడవి ఎక్కువ, 29 దగ్గర మగవి ఎక్కువ. మనం 'ఈ విడతలో అన్నీ మగవే వచ్చాయి, ఏం దురదృష్టమో' అనుకుంటాం. హీటరు చూసుకుంటే కారణం అక్కడే ఉంటుంది. నేను 25, 26 మధ్య ఉంచుతాను, సుమారుగా సగం సగం వస్తాయి.

రామ్‌ల గురించి ఇందాక ముందు వరుసలో ఒకరు అడిగారు. రామ్ కూడా చిన్న సిక్లిడే, కానీ సంసారం వేరు. కొలంబియా, వెనిజులాల్లోని ల్యానోస్ గడ్డిమైదానాల చేప, అక్కడ నీరు ఎండకు కాగిపోతుంది. అందుకే దానికి 28 నుంచి 30 డిగ్రీలు కావాలి. 25లో పెట్టి జబ్బు పడిందని మందులు పోస్తుంటారు. గుహ అక్కర్లేదు, చదునైన రాయి మీద బాహాటంగా గుడ్లు పెడుతుంది, తండ్రీ తల్లీ ఇద్దరూ కాపలా కాస్తారు. పిల్లలు మరీ చిన్నవి, మొదటి రోజులు బ్రైన్ ష్రింప్ నోటికి పట్టకపోవచ్చు. అప్పుడు ఇన్ఫ్యూజోరియా వంటి ఇంకా సన్నని మేత ఉండాలి. తరాల తరబడి రంగు కోసమే పెంచిన రామ్‌లలో చాలావాటికి పిల్లల్ని పెంచడం రావడం లేదు, గుడ్లు పెట్టిన రాత్రే తినేస్తాయి. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. గుడ్లు ఎప్పుడూ తీసి కృత్రిమంగా పొదిగిస్తూ పోతే, తల్లితనం ఉన్నదేదో లేనిదేదో తేడా లేకుండా అన్నీ బతుకుతాయి, తర్వాతి తరానికి ఆ లోటు అలాగే వెళ్తుంది. రామ్ కావాలంటే, ముందు బొలీవియన్ రామ్‌తో మొదలుపెట్టండి. మెరుపు తక్కువ, కానీ గట్టి చేప, మంచి తల్లిదండ్రులు.

ఒక్క మాట జాతుల గురించి. దగ్గరి జాతుల ఆడచేపలు అచ్చు ఒకేలా ఉంటాయి. మెక్‌మాస్టరీ, వియెహీటా ఒకే తొట్టిలో ఉంచితే కలిసిపోతాయి, ఆ పిల్లలు ఏ పేరుతో ఎవరింటికి చేరతాయో ఎవరికీ తెలియదు. ఒక తొట్టిలో ఒక జాతి. పిల్లల్ని ఎవరికైనా ఇచ్చేటప్పుడు కవరు మీద జాతి పేరు, ఎక్కడి నుంచి తెచ్చిన చేపల సంతానమో రాసి ఇవ్వండి.

పిల్లలు నాలుగైదు వారాలకు ఒక సెంటీమీటరు దాటుతాయి. తల్లి పసుపు తగ్గడం మొదలవుతుంది. పిల్లలు దగ్గరికి వస్తే విసుక్కుంటుంది, ఒకటి రెండింటిని తోలుతుంది కూడా. పిల్లల్ని వేరే తొట్టికి మార్చాల్సిన సమయం అదే. పాత తొట్టి నీళ్లే సగం, పాత ఆకులే కొన్ని, అదే స్పాంజి పక్కన ముందే నానబెట్టి ఉంచిన రెండో స్పాంజి తీసుకెళ్లి పెట్టండి. వలతో పట్టకండి, చిన్న గిన్నెతో నీళ్లతో సహా ముంచి తియ్యండి. సాయంత్రం లైటు ఆర్పే ముందు అయితే తల్లి అన్నిటినీ ఒకచోట చేర్చి ఉంచుతుంది, పని తేలిక. రెండు మూడు పిల్లల్ని దాని దగ్గరే వదిలెయ్యండి, ఒక్కసారిగా అన్నీ మాయమైతే రోజంతా వెతుకుతుంది, అది చూడలేం. వారం తిరిగేసరికి అదే కొబ్బరి చిప్పలోంచి మళ్లీ ఇసుక తోడి పోస్తూ కనిపిస్తుంది.

మీ ప్రశ్నలు అడగండి. వెనక కూర్చున్నవారితో మొదలుపెడదాం.